ఇరవై ఎనిమిదో రోజు రాకముందే
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1985 పదో తరగతి బ్యాచ్. ముప్ఫై ఏళ్ళకు పైగా సిమెంటు ఫ్యాక్టరీల్లో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, నువ్వు మీ ల్యాబులో ఏం చేస్తారో చెప్పు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అర్థం కావాలి" అన్నారు. అందుకని చిన్నప్పటి సంగతులు పక్కన పెట్టి, ఒక్క విషయమే మాట్లాడతాను. ల్యాబులో వచ్చిన ఫలితాలను అందరూ ఒకేచోట రాసుకుంటే, రాబోయే ఫలితాన్ని ముందే ఎంతవరకు చెప్పొచ్చు? ఇది మా వృత్తిలో రోజూ డబ్బుతో, పరువుతో, ఒక్కోసారి జనం నెత్తిమీద ఉండే స్లాబుతో ముడిపడ్డ ప్రశ్న.

సిమెంటు మన ప్రాంతం వాళ్ళకు కొత్త కాదు. పల్నాడు, నల్లగొండ, కర్నూలు, కడప వైపు భూమిలో సున్నపురాయి దండిగా ఉంది. ఆ రాయిని, కొంచెం బంకమట్టిని, ఇనుము ఉన్న మట్టిని కలిపి పిండి చేసి, తిరిగే పెద్ద గొట్టం లాంటి కిల్న్‌లో సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడి దాకా తీసుకెళ్తే నల్లటి గుండ్రాళ్ళలాగా క్లింకరు వస్తుంది. దానికి కాస్త జిప్సం చేర్చి మెత్తగా మరపడితే సిమెంటు. చెప్పడానికి ఇంతే. కానీ కొండలో రాయి ప్రతి గజానికీ ఒకేలా ఉండదు, బొగ్గు ఒకేలా రాదు, కిల్న్ ఆగి మళ్ళీ అంటించిన రోజు ఉన్నట్టు మామూలు రోజు ఉండదు. అందుకే గంటగంటకూ శాంపిల్ తీస్తాం. ఎక్స్‌రే ఎనలైజరు కొన్ని నిమిషాల్లో సున్నం ఎంత, సిలికా ఎంత, అల్యూమినా ఎంత అని చెప్పేస్తుంది. ఆ అంకెల నుంచి క్లింకరులో ఏ ఖనిజం ఎంత ఉండొచ్చో లెక్కగట్టే సూత్రాలను బోగ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త 1929లో ఇచ్చాడు. ఇప్పటికీ ప్రతి సిమెంటు ల్యాబులో అవే లెక్కలు నడుస్తున్నాయి.

ఇవన్నీ తొందరగా వచ్చే ఫలితాలు. అసలు ఫలితం మాత్రం తొందరగా రాదు. కొనేవాడికి కావలసింది బలం. దాన్ని కొలవడానికి 200 గ్రాముల సిమెంటు, 600 గ్రాముల ప్రామాణిక ఇసుక (ఇది తమిళనాడులోని ఎన్నూరు నుంచి వస్తుంది, మూడు సైజుల ఇసుక సమానంగా కలుపుతాం), లెక్క ప్రకారం నీళ్ళు పోసి 70.6 మిల్లీమీటర్ల క్యూబులు పోస్తాం. ఆ విడ్డూరమైన కొలత ఎందుకంటే, అప్పుడు క్యూబు ముఖం వైశాల్యం దాదాపు 50 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఒక రోజు తేమ గదిలో ఉంచి, తర్వాత నీళ్ళలో ముంచి, 3వ రోజు మూడు, 7వ రోజు మూడు, 28వ రోజు మూడు క్యూబులు యంత్రంలో పెట్టి నలగ్గొడతాం. బస్తా మీద 53 గ్రేడు అని ఉంటుంది కదా, దాని అర్థం 28వ రోజున చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్లు తట్టుకోవాలని. అంటే మన అరచేతిలో పట్టే ఆ క్యూబు మీద సుమారు 27 టన్నుల బరువు. 3వ రోజున కనీసం 27, 7వ రోజున 37 రావాలి.

ఇక్కడే ఉంది తిరకాసు. రోజుకు 3,000 టన్నులు చేసే ఫ్యాక్టరీ ఒకటి అనుకోండి. 28 రోజుల్లో 84,000 టన్నులు, 50 కిలోల బస్తాల్లో చెబితే 16 లక్షల 80 వేల బస్తాలు. ఫలితం వచ్చేదాకా అన్నీ ఆపి దాచుకునేంత సైలోలు ఎవరికీ ఉండవు. కాబట్టి 3 రోజులు, 7 రోజుల ఫలితాలు చూసి సరుకు పంపుతారు. 28వ రోజున క్యూబు పగిలేసరికి ఆ సిమెంటు ఎక్కడో ఒకరి ఇంటి స్లాబు అయిపోయి, దాని మీద వాళ్ళు వడియాలు ఎండబెట్టుకుంటూ ఉంటారు. పరీక్ష రాసి, పై తరగతికి వెళ్ళి, అర్ధసంవత్సరం పరీక్షలు కూడా అయ్యాక పాత మార్కులు చేతికి రావడం లాంటిది ఇది.

మరి 3వ రోజునే 28వ రోజు సంగతి తెలిస్తే? తెలుసుకోవడానికి కావలసిన సమాచారమంతా ఫ్యాక్టరీలోనే ఉంది. కాకపోతే చెల్లాచెదురుగా ఉంది. నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో రసాయన విశ్లేషణ ఒక కంప్యూటరులో, మిల్లు నున్నదనం లెక్కలు ఇంకో గదిలోని కంప్యూటరులో, క్యూబుల ఫలితాలు లావుపాటి రిజిస్టర్లలో ఉండేవి. కిల్న్ కంట్రోల్ రూము వాళ్ళ లాగ్‌బుక్కు వేరే. ఒకరు రోజును తెల్లవారుజామున 6 గంటల షిఫ్టుతో మొదలుపెడతారు, ఇంకొకరు అర్ధరాత్రితో. "12వ తేదీ శాంపిల్" అంటే నాలుగు గదుల్లో నాలుగు వేర్వేరు శాంపిళ్ళు. 12వ తేదీ క్యూబు ఏ గంట క్లింకరుతో చేసిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. క్లింకరు సిమెంటు అయ్యేలోపు గుట్టలో ఎన్ని రోజులు పడి ఉందో అసలే చెప్పలేరు.

రైతు కుటుంబాల వాళ్ళకు ఇది ఇలా చెబితే తెలుస్తుంది. అడంగల్‌లో పంట వివరం ఉంటుంది, 1-బిలో హక్కుదారు ఉంటాడు, నక్షాలో హద్దులు ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి కట్టేది సర్వే నంబరు. ఆ నంబరు లేకపోతే మూడూ మూడు కాగితాలే. మేం ల్యాబులో చేసిన మొదటి పని ప్రతి శాంపిల్‌కూ అలాంటి ఒక నంబరు ఇవ్వడం. ఆ నంబరుతోనే దాని రసాయన అంకెలు, నున్నదనం, క్యూబుల ఫలితాలు అన్నీ ఒకే ఉమ్మడి డేటాబేసులో చేరాలి. పట్టికలను ఇలా ఉమ్మడి గుర్తుతో ముడివేసే పద్ధతికి సిద్ధాంతం రాసినవాడు ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్, 1970లో. బ్యాంకు ఖాతాలు, రైలు టికెట్లు దాదాపు అన్నీ ఆ పునాది మీదే నడుస్తున్నాయి.

సాఫ్ట్‌వేరు తేలిక. నెల రోజుల్లో అయిపోయింది. మనుషులతో మాత్రం ఏడాది పట్టింది.

నియమాలు తక్కువే పెట్టాం. ఏ అంకె అయినా ఒక్కసారే, కొలిచినవాడే, కొలిచిన చోటే రాయాలి. తప్పు పడితే చెరపకూడదు. పాతది అలాగే కనబడుతుండగా కొత్తది పక్కన రాసి, ఎవరు, ఎందుకు మార్చారో చెప్పాలి. మన ఊళ్ళో పాతకాలం గుమాస్తాలు కొట్టివేత మీద సంతకం పెట్టేవాళ్ళు చూడండి, అదే. పరీక్ష పాడైతే ఆ సంగతి కూడా రాయాలి. క్యూబు అంచు విరిగిందని, ఆ రోజు కరెంటు పోయిందని, ఇసుక కొత్త లాటు వచ్చిందని. చాలామందికి ఈ చివరిది చాదస్తంగా తోచింది. పాడైన పరీక్షతో పనేంటి అన్నారు. పాడైనవన్నీ పారేసి బాగున్నవి మాత్రమే దాచుకున్న రిజిస్టరు చూసి ఏ లెక్క వేసినా అది బాగుందనే చెబుతుంది. దానికి కంప్యూటరు అక్కర్లేదు, పెళ్ళిళ్ళ పేరయ్య చాలు.

పాత రిజిస్టర్లు ఎక్కించేటప్పుడు ఒక వింత కనబడింది. 28 రోజుల ఫలితాలను చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా గ్రాఫు గీస్తే గంట ఆకారం రావాలి. వచ్చింది, కానీ ఎడమ అంచు కత్తితో కోసినట్టు ఉంది. 53కు కింద ఏమీ లేవు, 53కు కొంచెం పైన మాత్రం కుప్పగా ఉన్నాయి. ప్రకృతి అలా గీత గీసినట్టు ఆగదు. ఎక్కడో ఎవరో భయంతో అంకెను కాస్త పైకి జరిపి రాస్తున్నారన్నమాట. దాని మీద విచారణ పెడితే మర్నాటి నుంచి ఇంకా తెలివిగా జరుపుతారు. అప్పటి ప్లాంటు హెడ్ గారు చేసింది నాకు ఇప్పటికీ మెచ్చుకోదగ్గదిగా అనిపిస్తుంది. అందరినీ పిలిచి, "ఈ రోజు నుంచి ఇందులో ఉన్న ఏ అంకె కారణంగానూ ఎవరికీ మెమో రాదు. అంకె మారిస్తే మాత్రం వస్తుంది" అన్నారు.

మాట ఇవ్వడం సులువే. దానికి పరీక్ష నాలుగు నెలలకు వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని ఒక అమ్మాయి, కెమిస్టు, 28 రోజుల సగటు 51.8 అని నమోదు చేసింది. డేటాబేసు ఉమ్మడిది కనుక ఆ అంకె అదే నిమిషంలో అందరికీ కనబడింది. అమ్మకాల విభాగం నుంచి ఫోన్లు. అంకె అలాగే ఉంచుతారా, మళ్ళీ పరీక్ష చేయొచ్చు కదా అని. దాచిపెట్టిన శాంపిల్‌తో మళ్ళీ పరీక్ష మొదలుపెట్టాం. దానికి ఇంకో 28 రోజులు కావాలి కదా. ఈలోపు శాంపిల్ నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే, ఆ క్లింకరు కిల్న్ ఆగి మళ్ళీ అంటుకున్న రోజుదని, సున్నం మామూలు కంటే తక్కువగా ఉందని, ఆ రోజు మిల్లులో నున్నదనం కూడా తగ్గిందని తేలింది. మూడూ మూడు గదుల్లో ఎవరికి వాళ్ళకు తెలిసినవే. మూడూ ఒకే సరుకులో పడ్డాయని ఎవరికీ తెలియదు. బస్తా మీద ప్యాకింగు వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి గనుక, ఆ వారం సరుకు ఏ గోడౌన్లలో మిగిలి ఉందో కనుక్కుని వెనక్కి తెప్పించారు. అప్పటికే వాడేసిన వాళ్ళకు డీలర్ల ద్వారా చెప్పించారు. ఖర్చయింది. అమ్మాయికి మెమో రాలేదు. ఆ తర్వాత గ్రాఫు ఎడమ అంచు మెల్లగా మామూలు ఆకారానికి వచ్చింది. అంచనాల లెక్క మొదలుపెట్టడానికి అర్హత మాకు ఆ రోజు వచ్చిందని నేను అనుకుంటాను.

ఇక ఆ లెక్క సంగతి. పిల్లలూ, మీరు చదువుకునే సరళరేఖ సమీకరణమే ఇది. వై ఈక్వల్ టు ఎమ్ ఎక్స్ ప్లస్ సి. కాకపోతే ఒక్క ఎక్స్ బదులు ఆరేడు ఉంటాయి. 3 రోజుల బలం, నున్నదనం, ఎలైట్ అనే ఖనిజం శాతం, జిప్సం నుంచి వచ్చే సల్ఫేటు, క్షారాలు ఇలాంటివి. ఒక్కోదానికి ఒక్కో ఎమ్. గడిచిన ఫలితాలకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేట్టు ఆ ఎమ్‌లను ఎంచుకోవాలి. దీనికి వాడే కనిష్ఠ వర్గాల పద్ధతిని లెజాండ్ర్ అనే ఫ్రెంచి గణితవేత్త 1805లోనే అచ్చువేశాడు. తోకచుక్కల దారి లెక్కగట్టడానికి పుట్టిన పద్ధతి సిమెంటు క్యూబులకు పనికొస్తోంది.

ఇందులో మోసపోవడం చాలా సులువు. గడిచిన ఫలితాలకు అతికేట్టు సమీకరణం రాయడం గొప్ప కాదు, జవాబులు చూసి లెక్క చేసినట్టే. అందుకే చివరి ఆరు నెలల ఫలితాలను లెక్కకు చూపించకుండా దాచి, వాటి మీద పరీక్షించాం. ఇంకో కొలబద్ద కూడా పెట్టాం. "పోయిన నెల సగటు ఎంతో ఈ సరుకూ అంతే" అని కళ్ళు మూసుకుని చెప్పేవాడి కంటే మా సమీకరణం మెరుగ్గా చెప్పాలి. ఇది నవ్వులాటగా తోస్తుంది గానీ, ఖరీదైన సాఫ్ట్‌వేరు అమ్మడానికి వచ్చినవాళ్ళను నేను ఇదే అడుగుతుంటాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఒక సంగతి మాత్రం మాలో చాలామందిని ఆశ్చర్యపరిచింది. మొదట్లో బలం ఎక్కువ వస్తే చివర్లోనూ ఎక్కువే వస్తుందని అనుకుంటాం కదా. క్షారాలు, అంటే సోడియం, పొటాషియం, క్లింకరులో పెరిగితే తొలి రోజుల బలం పెరుగుతుంది, 28 రోజుల బలం తగ్గుతుంది. పుస్తకాల్లో ఉన్న మాటే. కానీ 3వ రోజు అంకె చూసి సంతోషంతో వ్యాగన్లు కదిలించే వాళ్ళకు పుస్తకం గుర్తురాదు. సమీకరణంలో క్షారాల ముందు మైనస్ గుర్తు రోజూ కనబడుతుంటే గుర్తొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది మాత్రం అంచనా తప్పిన రోజులు. అంచనాకూ అసలుకూ తేడాను కూడా డేటాబేసులోనే ఒక కాలమ్‌గా ఉంచాం. ఏప్రిల్, మే వచ్చేసరికి తేడా అంతా ఒకే వైపు. మేం చెప్పినదాని కంటే 28 రోజుల బలం వరసగా తక్కువ వస్తోంది. కెమిస్టులు రాయిని అనుమానించారు, నేను మిల్లును అనుమానించాను. క్యూబులు పోసే ల్యాబు అసిస్టెంటు ఒకాయన, పదో తరగతి కూడా దాటని మనిషి, "సార్, రాయి కాదు, నీళ్ళు. ఎండాకాలం ట్యాంకులో చెయ్యి పెడితే నాకే తెలుస్తుంది" అన్నాడు. క్యూబులు నానే నీళ్ళు 27 డిగ్రీలకు రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండాలని నిబంధన. రాత్రిళ్ళు చల్లబరిచే యంత్రం ఆగిపోతోంది, పొద్దున కొలిచేవేళకు మళ్ళీ సర్దుకుంటోంది. వేడి నీళ్ళలో నానిన క్యూబు తొలిరోజుల్లో తొందరగా గట్టిపడి, చివరికి వెనకబడుతుంది. అంటే సిమెంటు బాగానే ఉంది, పరీక్షే వంకర. ట్యాంకులో రోజంతా ఉష్ణోగ్రత రాసే పరికరం పెట్టి ఆ అంకెను కూడా కలిపాక వేసవి తేడా పోయింది. ఆయన చేతి స్పర్శ డేటాబేసులో ఒక కాలమ్ అయింది. ముప్ఫై ఏళ్ళ రిజిస్టర్లలో ఆ కాలమ్ లేదు. ఆయనను అడిగినవాళ్ళు లేరు.

ఇది కంప్యూటరు రాగానే మనుషులు అక్కర్లేదు అనే వాళ్ళకు చెప్పవలసిన సంగతి. ఆ సమీకరణానికి చూసినదే తెలుసు. బొగ్గు బదులు గంధకం ఎక్కువ ఉండే పెట్‌కోక్ మండిస్తే, బూడిద కలిపిన పీపీసీ మొదలుపెడితే, పాత లెక్క నమ్మకంగా తప్పు చెబుతుంది. అందుకే మా పట్టికలో ఒకే అంకె ఇవ్వం. 57 వస్తుంది అనం, 55కూ 59కీ మధ్య రావొచ్చు అంటాం. కింది అంచు 53కు దగ్గరైతే ఆ సైలో గేటు తెరవం, అంతే. ఇంకా మెత్తగా మరపట్టడమో, వేరే సరుకుతో కలపడమో చూస్తాం. 28వ రోజు క్యూబు మాత్రం పగలగొట్టి తీరతాం. అంచనా ఉంది కదా అని పరీక్ష మానేద్దామని ఖర్చులు చూసే వాళ్ళు అడిగారు. పరీక్ష మానేసిన రోజు నుంచి అంచనా తప్పుతోందో లేదో చెప్పేవాళ్ళుండరు.

ఇలాంటి లెక్కల వెనక మనవాళ్ళు కూడా ఉన్నారని పిల్లలకు చెప్పాలి. సి.ఆర్. రావు గారు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, ప్రపంచమంతా వాడే సంఖ్యాశాస్త్ర సూత్రాలు ఇచ్చారు. కొద్ది కొలతల నుంచి ఎంతవరకు నమ్మకంగా చెప్పొచ్చు అనే ప్రశ్నకు ఆయన పేరుతో ఉన్న హద్దు ఒకటి ఉంది, క్రామర్-రావు హద్దు అంటారు. ఆయనకు 2023లో, 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఇంట్లో కంప్యూటరు ఉన్న పిల్లలకు ఇంకో సంగతి. ఐ-చెంగ్ యే అనే తైవాన్ ఆచార్యుడు 1998లో కాంక్రీటు బలం మీద పరిశోధన చేసి, తాను సేకరించిన 1,030 ఫలితాలను అందరికీ ఇచ్చేశాడు. ప్రపంచంలో ఎన్ని వేలమంది విద్యార్థులు వాటి మీద లెక్క నేర్చుకున్నారో. మన దేశంలో ల్యాబుల రిజిస్టర్లలో అంతకు ఎన్నో రెట్లు ఫలితాలు చెదలు పడుతున్నాయి. ఇది నాకు కాస్త కోపం తెప్పించే విషయం, పెద్దల సభ కనుక ఇంతటితో ఆపుతాను.

ఇక మాటలు చాలు. భోజనాల షామియానా పక్కన బల్ల మీద 7వ రోజున మేం నలగ్గొట్టిన మూడు క్యూబుల ముక్కలు పెట్టాను, ముట్టుకుని చూడండి. పక్కనే ఒక రిజిస్టరు ఉంది. వాటి 3 రోజుల సగటు 34, 7 రోజుల సగటు 44 అని పైన రాసి ఉంది, నున్నదనం, రసాయన అంకెలు కూడా ఉన్నాయి. వాటితోపాటు పోసిన మరో మూడు క్యూబులు ల్యాబులో నీళ్ళలో ఉన్నాయి. వాటి 28వ రోజు ఇంకో 19 రోజులకు వస్తుంది. తొమ్మిది, పది తరగతుల వాళ్ళు ఒక్కొక్కరూ పేరు, తేదీ, 28వ రోజు ఎంత వస్తుందనుకుంటున్నారో, ఎందుకు అనుకుంటున్నారో ఒక్క వాక్యం అందులో రాయండి. రాసింది చెరపకూడదు. మాస్టార్లు కూడా రాయొచ్చు. మా సమీకరణం చెప్పిన అంకెను కవరులో పెట్టి అంటించి హెడ్మాస్టరు గారికి ఇచ్చాను. క్యూబులు పగలగొట్టిన రోజు సాయంత్రం నేను ఫోన్ చేసి ఫలితం చెబుతాను, ఆ కవరు అప్పుడు ప్రార్థన జరిగే చోట అందరి ముందూ విప్పండి.